స్పేస్ స్టేషన్ సూట్ వేసుకుని చంద్రుడి మీద నడవలేరా?

సందేహాల_పుట్ట:

చాలా రోజుల్నుంచి బుర్ర తొలిచేస్తున్న డౌట్ అండి, తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్తారని ఇక్కడ పెడుతున్నా. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ సూట్లు వేసుకుని చంద్రుడి మీద దిగారు, 1972 డిసెంబర్ దాకా మొత్తం 12 మంది నడిచొచ్చారు. అక్కడికి వెళ్ళడం ఆగిపోయినా షటిల్ రోజుల నుంచి ఇప్పటి స్పేస్ స్టేషన్ దాకా బయటికెళ్ళి రిపేర్లు చేస్తూనే ఉన్నారు, వాళ్ళు వేసుకునేదీ స్పేస్ సూటే కదా. మరి ఆర్టెమిస్ (నాసా మళ్ళీ చంద్రుడి మీదకి మనుషుల్ని పంపే ప్రోగ్రాం) అనగానే మళ్ళీ మొదట్నుంచీ కొత్త సూట్ కావాలంటారేంటి? దానికి ఇన్నేళ్ళు, ఇంత డబ్బు ఎందుకు? ఉన్నది వేసుకుని దిగితే ఏమౌతుంది, పోనీ అది కుదరకపోతే అపోలో వాళ్ళ డ్రాయింగులు బీరువాలోంచి తీసి దాన్నే మళ్ళీ కుట్టించొచ్చుగా?

ఇంకోటి, పాత వీడియోల్లో వాళ్ళు గెంతుతూ గెంతుతూ పోయి దభీమని పడుతుంటారు చూడండి, అది గ్రావిటీ తక్కువ కాబట్టి అనుకునేవాణ్ణి, మొన్న ఎవరో కాదు సూట్ వల్లే అన్నారు. ఏది కరెక్ట్? ఆఖర్ది, అడగొచ్చో లేదో, గంటలకి గంటలు అందులోనే ఉంటే ఒకటికీ రెంటికీ ఏం చేస్తారు? నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా.


నట్టు_బోల్టు:

నవ్వడం దేనికండీ, అందరికీ వచ్చే డౌటే. కాస్త పెద్దదవుతుంది, చదువుకోండి.

స్టేషన్ మీద నాసా వాళ్ళు వాడేదాన్ని ఈఎంయూ అంటారు. డిజైన్ 1970ల నాటిది, షటిల్ కోసం చేసింది, దాన్నే బాగుచేసుకుంటూ లాక్కొస్తున్నారు. అది వేసుకున్నవాళ్ళు అసలు నడవరు, గమనించారా? అక్కడ నడిచే పనే లేదు. చేతులతో కమ్మీలు పట్టుకుని జరుగుతూ పోతారు, పని ఉన్న చోట పాదాలు ఒక పట్టీలో ఇరికించుకుని నిలబడతారు, అంతే. అందుకని దాన్ని చేసినవాళ్ళ ధ్యాసంతా భుజాలు, మోచేతులు, వేళ్ళ మీదే పెట్టారు. నడుం నుంచి కింద అంతా ఏదో కాళ్ళు పెట్టుకోడానికి ఉన్నట్టు ఉంటుంది. దానితో చంద్రుడి మీద దిగి వంగి రాయి తియ్యాలన్నా, ఒక మోకాలు నేలకి ఆనించాలన్నా, గుంట అంచు ఎక్కాలన్నా నరకమే. బూట్లు కూడా అంతే, కిలోమీటర్లు నడవడానికి చేసినవి కావు.

బరువు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వీపు మీద ఊపిరికీ కూలింగ్‌కీ ఉండే లైఫ్ సపోర్ట్ బ్యాగుతో కలిపితే భూమ్మీద అది 120 కేజీల పైమాటే. చంద్రుడి మీద ఆరో వంతు అవుతుంది కాబట్టి 20 కేజీలే కదా అంటారు, నిజమే, మొయ్యడానికి 20 కేజీలే. కానీ ఆపడానికి మాత్రం మొత్తం 120 కేజీలూ లెక్కలోకొస్తాయి, దానికి తోడు మనిషి బరువు. ఒకసారి ఊపు అందుకున్నాక ఆగాలన్నా పక్కకి తిరగాలన్నా నేలని తన్నాలి, నేల మీద పట్టు చూస్తే ఆరో వంతే ఉంది. మీ రెండో ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం ప్రెషర్. అసలు స్పేస్ సూట్ డిజైన్ అంటేనే ఆ ప్రెషర్‌తో కుస్తీ, మిగతావన్నీ దాని తర్వాతే అని నా అభిప్రాయం. బయట గాలి లేదు, లోపల గాలి నింపాలి, నింపగానే బట్ట ఉబ్బి కర్రలాగా బిగుసుకుంటుంది. గట్టిగా గాలి కొట్టిన సైకిల్ ట్యూబ్‌ని మధ్యలో వంచి చూడండి, వదలగానే మళ్ళీ దాని షేపుకి అది వచ్చేస్తుంది, సూట్‌లో మోచెయ్యి వంచిన ప్రతిసారీ మనిషి చేసే పని అదే. ఊహించి చెప్తున్న మాట కాదిది, 1965 మార్చి 18న సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ మొట్టమొదటిసారి అంతరిక్షంలోకి బయటికి వచ్చినప్పుడు సూట్ ఉబ్బిపోయి, వేళ్ళు గ్లోవ్‌ల చివర్లకి అందక, మళ్ళీ లోపలికి దూరలేక చివరికి లోపలి ప్రెషర్ తనే తగ్గించుకుని బతికి బయటపడ్డాడు. బయట ఉన్నది మొత్తం 12 నిమిషాలే.

అందుకే ప్రెషర్ ఎంత తక్కువ పెడితే అంత మంచిది. మనం పీల్చే గాలి సముద్రమట్టం దగ్గర 14.7 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే లెక్కే) ఉంటుంది, అపోలో సూట్‌లో 3.7 మాత్రమే పెట్టారు, ఈఎంయూలో 4.3. గాలి పల్చనైనా మొత్తం ప్యూర్ ఆక్సిజనే కాబట్టి ఊపిరికి సరిపోతుంది. అయితే మామూలు గాలిలో ఉన్నవాడు ఒక్కసారిగా అంత తక్కువ ప్రెషర్‌లోకి వెళ్తే రక్తంలో ఉన్న నైట్రోజన్ బుడగలు కడుతుంది, ప్రాణాల మీదకొస్తుంది. అందుకే స్టేషన్‌లో బయటికెళ్ళే ముందు గంటల తరబడి ఆక్సిజన్ పీల్చి ఆ నైట్రోజన్ వదిలించుకుంటారు. అపోలో వాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళ ల్యాండర్‌లోనే 5 పీఎస్ఐ ప్యూర్ ఆక్సిజన్ ఉండేది. ఇప్పుడు రోజుల తరబడి అక్కడ ఉండి మళ్ళీ మళ్ళీ బయటికెళ్ళాలంటే ప్రతిసారీ గంటలకొద్దీ కూర్చోలేరు, అందుకని నాసా తన సొంత ప్రోటోటైప్ ఎక్స్‌ఈఎంయూలో అవసరాన్ని బట్టి 8 పీఎస్ఐ దాకా పెంచుకునేలా చేసుకుంది. ప్రెషర్ పెంచితే బిగుతు పెరుగుతుంది, బిగుతు పెరిగితే ప్రతి జాయింటూ ఇంకా బాగా చెయ్యాలి. ఇదీ కొత్త సూట్ ఎందుకు అన్నదానికి పెద్ద కారణం.

పడిపోవడం గురించి, రెండూ కలిశాయి. వీపు మీద బ్యాగ్ వెనక్కి లాగుతుంది, అందుకే ఫొటోల్లో అందరూ ముందుకి వాలి నిలబడి ఉంటారు. ఛాతీ మీద కంట్రోల్ బాక్స్ అడ్డు, పాదం ఎక్కడ పెడుతున్నారో వాళ్ళకే కనబడదు. నడుం వంగదు. ఇన్ని ఉన్నాక మామూలు నడక కంటే గెంతడమే సుళువు అయ్యింది వాళ్ళకి.


పాత_రేడియో:

నట్టు_బోల్టు గారు బాగా చెప్పారు కానీ ఒకదాంతో ఒప్పుకోను, ప్రెషర్ అన్నింటికంటే ముందు అన్నారు చూడండి, అది స్టేషన్‌కి కరెక్టు. చంద్రుడి మీద సూట్‌ని చంపేది దుమ్ము. అపోలో రిపోర్టులు చదివితే ప్రతి మిషన్‌లోనూ ఇదే గోల.

భూమ్మీద ఇసుక రేణువు గాలికి నీళ్ళకి దొర్లి దొర్లి గుండ్రబడుతుంది. అక్కడ గాలీ లేదు నీళ్ళూ లేవు, కోట్ల ఏళ్ళుగా ఉల్కలు గుద్ది గుద్ది రాళ్ళు పొడి అయ్యాయి, కొంత కరిగి గాజులా గడ్డకట్టింది, ప్రతి రేణువూ విరిగిన అంచులతో అలాగే ఉండిపోయింది. చాలా సన్నం, పైగా ఎండకి కరెంటు చార్జ్ ఎక్కి ఉంటుంది కాబట్టి బట్టకి అతుక్కుంటే దులిపినా పోదు, గట్టిగా తోమితే ఇంకా లోపలికి దూరుతుంది.

అపోలో 12 సంగతి చెప్తా. 1969 నవంబర్, పీట్ కాన్రాడ్, అలన్ బీన్. రెండుసార్లు బయటికెళ్ళారు, ఒక్కోసారి నాలుగు గంటల లోపే. కాన్రాడ్ సూట్ దిగేటప్పుడు గాలి పోకుండా బిగుతుగానే ఉంది, మొదటి నడక అయ్యాక చెక్ చేస్తే నిమిషానికి 0.15 పీఎస్ఐ చొప్పున లీకవుతోంది, రెండోది అయ్యాక 0.25. సేఫ్టీ లిమిట్ 0.30. అంటే మూడోసారి వెళ్దామనుకుని ఉంటే సూట్ ఒప్పుకునేదో లేదో. మొత్తం కలిపి ఎనిమిది గంటలు కూడా కాకుండానే ఆ స్థితికి వచ్చేసింది. దుమ్మంతా సీళ్ళలోనూ, మణికట్టు దగ్గర గ్లోవ్ బిగించే రింగుల్లోనూ, జిప్పుల్లోనూ చేరిపోతుంది.

అపోలో 17 వాళ్ళు, సెర్నన్, ష్మిట్, మూడుసార్లు కలిపి 22 గంటలు తిరిగారు. సుత్తి, పారలు పట్టుకుని పట్టుకుని గ్లోవ్‌ల పైపొర అరిగిపోయింది. లోపలికి వచ్చి హెల్మెట్ తీస్తే కాల్చిన తుపాకి మందు వాసన అన్నారు, ష్మిట్‌కైతే ముక్కు దిబ్బడేసి జలుబులా పట్టుకుంది. ఆయన వృత్తిరీత్యా జియాలజిస్ట్ కూడానూ, రాళ్ళ పొడి కొత్తేం కాదు. ల్యాండర్ ఎక్కే ముందు ఒకళ్ళనొకళ్ళు బ్రష్షుతో దులుపుకునేవాళ్ళు, ఏం లాభం, లోపలికి రావాల్సింది వచ్చేసేది.

మూడు రోజులుండి వెనక్కి వచ్చేవాళ్ళకి అది సరిపోయింది, సూట్ జీవితమే అంత. ఇప్పుడు వారాలు, తర్వాత నెలలు ఉండాలంటున్నారు. అందుకే పాత డ్రాయింగులు తీసి కుట్టిస్తే చాలదు. స్టేషన్ సూట్ అయితే ఇంకా అన్యాయం, దానికి జన్మలో దుమ్ము సోకదు కదా, భుజాల దగ్గర నడుం దగ్గర గుండ్రంగా తిరిగే బేరింగులు ఉంటాయి, ఆ బేరింగుల్లో ఈ పొడి పడితే ఏమౌతుందో మీరే అనుకోండి.


సందేహాల_పుట్ట:

వామ్మో, దుమ్ము ఇంత పెద్ద విలన్ అనుకోలేదు. ఇద్దరికీ థాంక్స్ అండి. నడుం వంగదు అన్నారు, మరి అపోలో 15 నుంచి కారు నడిపారు కదా, కూర్చోకుండా ఎలా నడిపారు? పడిపోయినప్పుడు రాయి గుచ్చుకుని చిరిగితే పరిస్థితేంటి? నా మూడో ప్రశ్నని అందరూ మర్యాదగా దాటేశారు, గమనించాను.


కుట్టుమిషన్:

మీ మూడో ప్రశ్నకి నేను చెప్తా, అందులో మొహమాటం ఏముంది. అపోలో వాళ్ళందరూ మగవాళ్ళే కాబట్టి ఒకటికి రబ్బరు తొడుగు, దానికో గొట్టం, లోపల నడుం దగ్గర ఒక సంచీ. రెండుకి అడుగున పీల్చుకునే బట్టతో చేసిన లాగు, వాడకుండా గడిపేయడమే అందరి ప్లాను. ఇప్పుడు స్టేషన్‌లో ఆడా మగా అందరూ పెద్దవాళ్ళ డైపరే వేసుకుంటారు. తాగడానికి మెడ దగ్గర నీళ్ళ సంచీ, నోటికందేలా గొట్టం. అపోలో 16లో చార్లీ డ్యూక్‌కి అందులో ఆరెంజ్ జ్యూస్ పోసిస్తే అది కారి హెల్మెట్ లోపలంతా జిగటజిగట అయింది, హెల్మెట్ పెట్టుకున్నాక మొహం తుడుచుకోడానికి లేదు కదా పాపం.

ఇక నాకు ఇష్టమైన సబ్జెక్ట్, ఆ సూట్ కుట్టిందెవరు. నేను బట్టలు కుట్టే మనిషిని, రాకెట్లు నాకు తెలీవు, కానీ ఈ కథ మాత్రం వెతికి వెతికి చదివాను. 1965లో మూడు కంపెనీల సూట్లు పోటీ పెట్టి టెస్ట్ చేస్తే గెలిచింది అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌లో ఉన్న ఐఎల్‌సీ, అంటే ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్. ప్లేటెక్స్ పేరుతో ఆడవాళ్ళ లోదుస్తులు అమ్మే కంపెనీ అది. రబ్బరునీ బట్టనీ కలిపి ఒంటికి అతుక్కునేలా, అయినా కదలనిచ్చేలా చెయ్యడం వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి. మోచెయ్యి, మోకాలు, భుజం దగ్గర మడతలు మడతలుగా రబ్బరు అచ్చు పోసి, పక్కల నుంచి తీగ లాగి, వంచినప్పుడు ఒక వైపు మడత ముడుచుకుంటే రెండో వైపు అంతే సాగేలా చేశారు. లోపలి ఖాళీ పెద్దగా మారకుండా ఉంటే వంచడానికి బలం అక్కర్లేదు, నట్టు_బోల్టు గారు చెప్పిన ప్రెషర్ కుస్తీకి మందు అదే.

కుట్టినవాళ్ళు ఆ కంపెనీలో మామూలుగా మిషన్ మీద పనిచేసే ఆడవాళ్ళు. కుట్టు అంగుళంలో 64వ వంతు కూడా పక్కకి పోకూడదు. కుట్టేవాళ్ళకి తెలుస్తుంది ఈ మాట విలువ, నాలుగైదు పొరలు మెషిన్ పాదం కింద పెట్టి తోస్తే కింది పొర ఒక పక్కకి పై పొర ఒక పక్కకి జరుగుతుంది, అది జరక్కుండా పట్టుకోడానికే మనం పిన్నులు గుచ్చుతాం. వాళ్ళకి ఆ పిన్నులే గండం, ఒక్కటి మర్చిపోతే గాలి నిలిపే పొరకి చిల్లు పడినట్టే. అందుకని లోపల ఏదైనా ఉండిపోయిందేమో అని సూట్లకి ఎక్స్‌రే తీసేవారు. మొత్తం 21 పొరలు. ఒంటికి ఆనుకుని సన్నటి నీళ్ళ గొట్టాలు కుట్టిన లోపలి బట్ట, దాని మీద గాలి నిలిపే రబ్బరు పూసిన నైలాన్, అది ఉబ్బకుండా పట్టి ఉంచే పొర, ఆ పైన అల్యూమినియం పూత పూసిన పల్చటి మైలార్ అనే ప్లాస్టిక్ షీట్లు ఒకదానిమీద ఒకటి, మధ్యలో అవి ఆనుకోకుండా జాలీ బట్ట, అన్నిటికీ పైన బీటా క్లాత్. ఈ బీటా క్లాత్ గాజు పోగుతో నేసి టెఫ్లాన్ పూసిన బట్ట. 1967 జనవరి 27న అపోలో 1 మంటల్లో ముగ్గురు చనిపోయారు కదా, ఆ తర్వాత మంటకి తట్టుకునే పైపొర ఉండి తీరాలని ఇది తెచ్చారు. రాళ్ళకి ఎక్కువ రాసుకునే చోట్ల, అరిచేతులకీ బూట్లకీ, సన్నటి లోహపు తీగతో నేసిన బట్ట కుట్టారు. పడ్డంత మాత్రాన చిరిగేది కాదు, అంతమంది అన్నిసార్లు పడ్డా ఒక్క సూట్‌కి కూడా చిల్లు పడలేదు.

కూర్చోడం అడిగారు. మొదట్లో కూర్చోడం నిజంగానే కష్టం. అపోలో 15 నుంచి రోవర్ ఉంది కాబట్టి సూట్ మార్చారు, నడుం దగ్గర కొత్త మడతలు పెట్టారు, జిప్ దారి మార్చారు. ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళు రెండున్నర గంటలు బయట ఉంటే ఈ కొత్త దానితో ఏడు గంటలు దాటి తిరిగారు. ప్రతి మనిషికీ కొలతలు తీసి మూడేసి సూట్లు, ఒకటి ట్రైనింగ్‌కి, ఒకటి ప్రయాణానికి, ఒకటి స్పేర్.

అందుకే ఇప్పటి సూట్‌కి ప్రాడా అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీని పెట్టుకున్నారు అని జనం ఎగతాళి చేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. బట్ట గురించి బట్టవాళ్ళని కాక ఎవర్ని అడగాలి?


చుక్కలరేడు:

కుట్టుమిషన్ గారి పోస్ట్ సేవ్ చేసుకున్నా. కానీ ఆలస్యానికి కారణం దుమ్మూ ప్రెషరూ అనుకుంటే పొరపాటు, అవి 1972కే తెలుసుగా. యాభై ఏళ్ళలో చంద్రుడి సూట్ అనే పనికి ఒకళ్ళు కూడా కుదురుగా డబ్బూ టైమూ ఇవ్వలేదు, అదీ విషయం. ప్రోగ్రాం మొదలుపెట్టడం, ప్రభుత్వం మారితే ఆపెయ్యడం, మళ్ళీ ఇంకో పేరుతో మొదలుపెట్టడం. నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ 2021 ఆగస్టులో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం 2007 నుంచి అప్పటికి 42 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు, చేతిలో చంద్రుడికి పనికొచ్చే సూట్ ఒక్కటి లేదు. విడిభాగాలు 27 వేరువేరు కంపెనీల నుంచి రావాలి. ఆ తర్వాత 2022 జూన్‌లో ఇక మేం చెయ్యం మీరు చేసి మాకు అద్దెకివ్వండి అన్నట్టు యాక్సియం స్పేస్‌కీ కాలిన్స్ ఏరోస్పేస్‌కీ కాంట్రాక్ట్ ఇచ్చేశారు. 2024లో కాలిన్స్ తప్పుకుంది. మిగిలింది ఒక్క కంపెనీ. ఒక్క కంపెనీ మీద అంతా ఆధారపడితే ఏమౌతుందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు.

ఇంకా స్టేషన్ సూట్లకైతే మొత్తం 18 లైఫ్ సపోర్ట్ బ్యాగులు చేస్తే 2017 లెక్కకి వాడకంలో 11 మిగిలాయి. 2013 జులైలో ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో బయట ఉండగా కూలింగ్ నీళ్ళు హెల్మెట్‌లోకి వచ్చి కళ్ళూ ముక్కూ కప్పేసి, దారి కనపడక తడుముకుంటూ లోపలికి వచ్చాడు. అంతరిక్షంలో నీళ్ళలో మునిగి పోయేవాడు. అలాంటి పాత సరుకుని చంద్రుడి మీదకి తీసుకెళ్దామా?


నట్టు_బోల్టు:

డబ్బు, మేనేజ్‌మెంట్ గురించి మీరన్నది ఒప్పుకుంటా చుక్కలరేడు గారూ. కానీ ఆ 42 కోట్లు మొత్తం నీళ్ళపాలు అన్నట్టు రాశారు, అది నిజం కాదు. యాక్సియం వాళ్ళు సున్నా నుంచి మొదలుపెట్టలేదు, నాసా ఎక్స్‌ఈఎంయూ డిజైన్ మీదే కట్టుకుంటూ పోతున్నారు. అందులో పాతవాటికి లేనివి చాలా ఉన్నాయి. అపోలోలో ఊపిరి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని లిథియం హైడ్రాక్సైడ్ డబ్బా పట్టేది, డబ్బా నిండితే పారేసి కొత్తది పెట్టాలి. ఎక్స్‌ఈఎంయూలో రెండు అరలు, ఒకటి పీలుస్తుంటే రెండోది తను పట్టినదాన్ని బయటి శూన్యంలోకి వదిలేస్తుంది, అటూ ఇటూ మారుతూ పోతాయి, పారేసే పనే లేదు. సూట్‌లోకి వీపు వైపున్న తలుపులోంచి దూరడం, ఇది 1960లలో రష్యా వాళ్ళు తమ చంద్రయాత్ర కోసం చేసిన క్రెచెట్ సూట్‌లోనే ఉంది, వాళ్ళు చంద్రుడి మీదకి వెళ్ళలేదు కానీ ఆ సూట్ ఓర్లాన్ అయ్యి ఈ రోజుకీ స్టేషన్‌లో వాడుతున్నారు. వెనక తలుపు ఉంటే ముందు వైపు జిప్పులుండవు, పాత_రేడియో గారి దుమ్ము దూరే సందులు కొన్ని తగ్గుతాయి.

సైజుల సంగతి కూడా చిన్నదేం కాదు. 2019 మార్చిలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి చెయ్యాల్సిన స్పేస్‌వాక్ మీడియం సైజు ఛాతీ భాగం ఒక్కటే రెడీగా ఉందని మార్చాల్సొచ్చింది, చివరికి అక్టోబర్ 18న క్రిస్టినా కోక్, జెస్సికా మేయిర్ వెళ్ళారు. గ్లోవ్ సరిగ్గా లేకపోతే ఇంకా ఘోరం. అపోలో 15లో డేవ్ స్కాట్ పట్టు బాగా దొరకాలని వేలి చివర్లు గ్లోవ్‌కి తగిలేలా చేతులు పొట్టి చేయించుకున్నాడు, ఉన్న రోజులన్నీ పని బాగానే చేశాడు కానీ గోళ్ళు నల్లబడి పైకి లేచి వచ్చాయి. ఇప్పటికీ వేళ్ళ నొప్పి, గోళ్ళ దెబ్బలు అందరి కంప్లయింటే. నా లెక్కలో మొత్తం సూట్‌లో ఇంకా సరిగ్గా తేలని భాగం గ్లోవే.


సందేహాల_పుట్ట:

ఇంకొక్కటే అడిగి ఆపేస్తా. 2023 మార్చిలో యాక్సియం వాళ్ళు చూపించినప్పుడు సూట్ నల్లగా ఉంది, తర్వాత చూస్తే తెల్లగా ఉంది. ఇప్పుడు వెళ్ళేది దక్షిణ ధ్రువం, అక్కడ చలి కదా, మరి నల్లదే వెచ్చగా ఉంటుందిగా? పైగా లోపల నీళ్ళ గొట్టాలతో చల్లబరచడం దేనికి, హీటర్ కదా పెట్టాల్సింది?


పాత_రేడియో:

ఆ నల్లది పైన తొడిగిన కవర్ మాత్రమే, లోపలి టెక్నాలజీ పోటీవాళ్ళకి కనపడకుండా వేశారు. వెళ్ళేది తెల్లదే, ఎండని తిప్పికొట్టాలి కాబట్టి.

చల్లబరచడం ఎందుకంటే, చుట్టూ గాలి లేదు, వేడి బయటికి పోయే దారి లేదు, అన్ని పొరల మైలార్ లోపల మనిషి పని చేస్తుంటే తన ఒంటి వేడికే తను ఉడికిపోతాడు. ఇది అపోలోకి ముందు, 1966 జూన్‌లో జెమిని 9 ప్రయాణంలో సెర్నన్ విషయంలో బయటపడింది, అప్పటి సూట్‌లో గాలితోనే చల్లబరిచేవారు, ఆయన చెమటకి వైజర్ (హెల్మెట్ ముందు అద్దం) లోపల ఆవిరి పట్టి ఏం కనపడక పని మధ్యలో వదిలేసి లోపలికి వచ్చాడు. ఆ దెబ్బతో నీళ్ళ గొట్టాల బట్ట తప్పనిసరి అయింది. ఈఎంయూలో అయితే ఆ గొట్టాలన్నీ కలిపి 90 మీటర్ల పొడవు. ఒంటి వేడి నీళ్ళలోకి, ఆ వేడి బ్యాగులో సబ్లిమేటర్‌లోకి, అక్కడ ఇంకో ట్యాంకు నీళ్ళు శూన్యానికి తగిలి మంచు అయ్యి, ఆ మంచు కరగకుండానే ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోతుంది. అపోలో 14 నుంచి ఒకళ్ళ కూలింగ్ చెడిపోతే పక్కవాడి బ్యాగు నుంచి నీళ్ళు పంచుకోడానికి గొట్టం కూడా పట్టుకెళ్ళేవారు. ఆక్సిజన్‌కి అరగంట పాటు వచ్చే ఎమర్జెన్సీ సిలిండర్ వేరే.

దక్షిణ ధ్రువంలో చలి అన్నారు, అదీ నిజమే కానీ అన్ని చోట్లా కాదు. అక్కడ సూర్యుడు నడినెత్తికి ఎక్కడు, ఎప్పుడూ నేల అంచు మీదే తిరుగుతుంటాడు, ఒక పక్క వెలుగు సూటిగా కళ్ళల్లో కొడుతుంది, రెండో పక్క నీడ కటిక చీకటి, మధ్యలో ఏమీ ఉండదు. పాత వీడియోల్లో కనపడే మెత్తటి వెలుతురులో నడిచినట్టు ఉండదు. ఎండ ఎప్పుడూ పడని గుంటలు ఉన్నాయి, మంచు దొరుకుతుందని అందరి ఆశా అక్కడే, వాటిలో మైనస్ 200 డిగ్రీల కంటే కిందికి ఉంటుంది. ఆ నీడలో కనీసం రెండు గంటలు పనిచేసేలా చేస్తున్నామని యాక్సియం వాళ్ళు చెప్తున్నారు, బయట మొత్తం ఎనిమిది గంటలు.

అక్కడ కూడా ఒంటికి చలి పెద్ద సమస్య కాదు, చుట్టూ శూన్యమే కాబట్టి వేడి లాక్కునేవాళ్ళు లేరు. లాక్కునేది నేల, అది తగిలేది రెండు చోట్ల, బూటు అడుగు, పనిముట్టు పట్టుకున్న చెయ్యి. గ్లోవ్‌కైతే స్టేషన్ సూట్లలో వేలి చివర్లకి చిన్న హీటర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. బూటు దగ్గరే తిప్పలు. అడుగున చలి ఎక్కకుండా మందంగా వేస్తే పాదం వంగదు, రాయి కాలి కింద పడ్డా తెలీదు, పల్చగా వేస్తే వేళ్ళు గడ్డకడతాయి, అంత చలికి మామూలు రబ్బరు పెంకులా పెళుసెక్కి పగులుతుంది. అపోలో వాళ్ళకి ఈ లెక్క రాలేదు, వాళ్ళంతా పగటి ఎండలో తిరిగారు. పైగా పైబూట్లు, బ్యాగులు తిరిగొచ్చేటప్పుడు బరువు తగ్గించుకోడానికి అక్కడే విసిరేసి వచ్చారు, ఈసారి వేసుకునేవి మళ్ళీ మళ్ళీ వాడాలి.